రాసేదీ గీసేదీ ఒకే చోట: ఏఐ మోడళ్లకి రెండు ఫంక్షన్ల లైబ్రరీ

కడియంలో ఓ నర్సరీ. నాలుగొందల రకాల మొక్కలు. ఎండ ఎంత కావాలి, నీళ్లు ఎన్నాళ్లకోసారి పోయాలి, కుండీలో బతుకుతుందా లేదా అని ఒక్కోదానికీ తెలుగులో నాలుగు వాక్యాలు రాయాలి. ఆత్రేయపురంలో ఓ పూతరేకుల కొట్టు. సంక్రాంతికి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోడానికి పోస్టరు కావాలి. మొదటి పని రాసే మోడల్‌ది, రెండోది బొమ్మలు గీసే మోడల్‌ది. రెంటికీ సరిపోయే చిన్న పైథాన్ లైబ్రరీని సొంతంగా కట్టుకునే పద్ధతి ఇది. ఫంక్షన్ రాయడం, డిక్షనరీలోంచి విలువ తీయడం, ఫైలు తెరవడం వస్తే చాలు.

లైట్‌ఎల్‌ఎల్‌ఎమ్ లాంటి రెడీమేడ్ లైబ్రరీలు ఉన్నాయి, వందకు పైగా కంపెనీల మోడళ్లని కలుపుతాయి. మీకు అంత అవసరం ఉంటే అదే వాడుకోండి. రెండు మూడు కంపెనీలతో సరిపోయే పనికి మాత్రం మూడొందల లైన్ల సొంత లైబ్రరీయే సుఖం. ఒక్కసారి కూర్చుని మొత్తం చదివెయ్యచ్చు, ఎక్కడ ఆగిందో ఇట్టే దొరుకుతుంది. మోడల్‌కి ప్రశ్న పంపడం పది లైన్ల పని. మిగతా లైన్లన్నీ అది తేడా కొట్టినప్పుడు ఏం చెయ్యాలన్నదానికే పోతాయి. అందుకే ఇక్కడ కూడా ఎక్కువ మాటలు దాని మీదే.

సరంజామా

పైథాన్ 3.10 లేదా ఆపైది. ఒక ఫోల్డరు, అందులో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, పిప్‌తో రెండు ప్యాకేజీలు: ఇంటర్నెట్‌లో ప్రశ్న పంపడానికి రిక్వెస్ట్స్, బొమ్మలు కోసి అక్షరాలు వెయ్యడానికి పిల్లో. జవాబులు దాచుకోడానికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ కావాలి, అది పైథాన్‌తోనే వస్తుంది. ఫైళ్లు మూడు చాలు. బయటివాళ్లు పిలిచే రెండు ఫంక్షన్లు ఒకదాంట్లో, కంపెనీల తేడాలు ఒకదాంట్లో, మోడళ్ల పట్టిక ఒకదాంట్లో.

పైథాన్ 3లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఫంక్షన్లు రాసుకున్నాక కింది రెండు లైన్లూ ఉన్నవి ఉన్నట్టే నడుస్తాయి:

రాయి("నందివర్ధనం గురించి నాలుగు వాక్యాలు", మోడల్="చవక", గరిష్ఠం=600)

గీయి("అరిటాకు మీద పూతరేకులు", మోడల్="బొమ్మ", వెడల్పు=1024, ఎత్తు=1536)

ఇందులో ఒక చిక్కుంది. "మోడల్‌లో" అని రాసేటప్పుడు పొల్లు పక్కక్షరంతో కలిసిపోకుండా కీబోర్డు మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడుతుంది. వాక్యంలో ఉంటే దానివల్ల మేలే. ఫంక్షన్ పేరులోనో ఆర్గ్యుమెంట్ పేరులోనో పడిందా, కనపడని అక్షరం యూ ప్లస్ 200సీ చెల్లదంటూ పైథాన్ ఆగిపోతుంది. చూస్తే రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి, ఎంత చూసినా తప్పు దొరకదు. పేర్లు ఒక్కసారి జాగ్రత్తగా టైపు చేసి, తర్వాతంతా ఎడిటర్ సూచించే పేరునే ఎంచుకోండి. ఫైళ్ల పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి. జిప్ చేసి ఇంకో కంప్యూటర్‌లో విప్పినప్పుడు తెలుగు ఫైలు పేర్లు అప్పుడప్పుడు చెడిపోతాయి.

మోడల్ అసలు పేరు కోడ్‌లో ఎక్కడా రాయకండి. "చవక", "మంచి", "బొమ్మ" అని ముద్దుపేర్లు పెట్టి, ఏది ఏ కంపెనీ మోడలో పట్టికలో రాయండి. కంపెనీలు పాత మోడళ్లని తీసేస్తుంటాయి. తీసేసిన రోజున 404, అంటే దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది, పట్టికలో ఒక్క లైను మారిస్తే సరిపోతుంది.

కీ సంగతి

కంపెనీ మోడల్‌ని మీ ప్రోగ్రాం పిలవడానికి ఇచ్చే రహస్య అక్షరాల వరసే ఏపీఐ కీ. అది ఇంటి తాళంచెవి కాదు, సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే కోడ్ బయట కంప్యూటర్ సెట్టింగుల్లో పెట్టి అక్కణ్నుంచే చదవండి. ప్రాజెక్టు ఫోల్డర్లోనే ఫైల్లో పెడితే ఆ ఫైలు పేరు గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ ఎక్కించకూడని ఫైళ్ల జాబితాలో రాయండి. పొరపాటున గిట్‌హబ్‌కి ఎక్కిందా, కమిట్ తీసేస్తే సరిపోదు, పాత చరిత్రలో అది ఉండనే ఉంటుంది. వెంటనే కంపెనీ పేజీలోకి వెళ్లి ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి. వెబ్ పేజీ జావాస్క్రిప్ట్‌లోనూ, ఆండ్రాయిడ్ యాప్‌లోనూ కీ పెట్టకూడదు. ఎవరైనా విప్పి చూడగలరు. నెలకింత దాటకూడదని ఖర్చు పరిమితి పెట్టే వీలు కంపెనీ ఇస్తే అదీ పెట్టుకోండి, అది నిజంగా ఆపుతుందో, ఉత్త హెచ్చరికేనో చూసుకోండి. లూపు తప్పుగా రాసిన రాత్రి అక్కరకొచ్చేది ఆ అంకే.

కంపెనీకో తీరు

అందరూ జేసన్ అనే డిక్షనరీ లాంటి రాతలోనే మాట్లాడతారు, కానీ ఎవరి యాస వాళ్లది. ఓపెన్‌ఏఐ కీని, ప్రశ్నతో పాటు విడిగా వెళ్లే ఆథరైజేషన్ అనే హెడర్‌లో బేరర్ అన్న మాట తర్వాత పెట్టమంటుంది. దాని చాట్ కంప్లీషన్స్ పద్ధతిలో జవాబు ఛాయిసెస్ అనే జాబితాలో మొదటిదాని మెసేజ్‌లో కంటెంట్ కింద ఉంటుంది. ఆంత్రోపిక్‌కి కీ ఎక్స్ ఏపీఐ కీ అనే హెడర్‌లో వెళ్లాలి, వెర్షన్ తేదీతో ఇంకో హెడర్ కూడా ఉండాలి. గరిష్ఠ టోకెన్లు (టోకెన్ అంటే మోడల్ రాతని లెక్కపెట్టే చిన్న ముక్క) అక్కడ తప్పనిసరి, చెప్పకపోతే 400, అంటే అడిగిన తీరు తప్పన్న ఎర్రర్ కొడుతుంది. మోడల్ ఎలా మెలగాలో చెప్పే సిస్టమ్ సూచన సంభాషణలో కలవదు, విడిగా ఇవ్వాలి. జవాబు కంటెంట్ అనే జాబితాలో ముక్కలుగా వస్తుంది. గూగుల్ జెమినీలో జవాబు ఉండే దారి క్యాండిడేట్స్, దాంట్లో కంటెంట్, దాంట్లో పార్ట్స్, దాంట్లో టెక్స్ట్. సొంత కంప్యూటర్ మీదే మోడళ్లని నడిపే ఒల్లామా పెట్టుకుంటే అది 11434 పోర్టులో ఉంటుంది, ఓపెన్‌ఏఐ తీరు కూడా దానికి తెలుసు కాబట్టి అడ్రసు మారిస్తే ఓపెన్‌ఏఐకి రాసిన కోడే పనికొస్తుంది.

కంపెనీకి ఒకటి చొప్పున చిన్న అడాప్టర్ ఫంక్షన్ రాయండి. లోపలికి మీ ప్రశ్న వెళ్తుంది, బయటికి ఎప్పుడూ ఒకే ఆకారంలో నాలుగు విలువలు రావాలి: జవాబు, ఎందుకు ఆగింది, వెళ్లిన టోకెన్లు, వచ్చిన టోకెన్లు. ఆ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు, అసలు తంటా అక్కడే. టోకెన్లు అయిపోయి ఆగిపోతే ఓపెన్‌ఏఐ "లెంగ్త్" అంటుంది, ఆంత్రోపిక్ "మ్యాక్స్ టోకెన్స్" అంటుంది. రెండు చోట్లా స్టేటస్ 200 వస్తుంది, అంటే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మీ లైబ్రరీ దాన్ని ఎర్రర్‌గా లేపకపోతే మందారం వివరం మూడో వాక్యం మధ్యలో తెగి, అలాగే కేటలాగ్‌లోకి ఎక్కుతుంది.

ఆర్గ్యుమెంట్లలో విలువ ఇవ్వనివాటిని అసలు పంపకండి. జవాబులో ఎంత వైవిధ్యం ఉండాలో చెప్పే టెంపరేచర్ అనే అంకె ఇస్తే కొన్ని కొత్త మోడళ్లు ఒప్పుకోవు, 400 ఇస్తాయి. గరిష్ఠం పేరు కూడా ఓపెన్‌ఏఐలోనే పాత మోడళ్లకి ఒకటి, కొత్తవాటికి ఇంకొకటి.

తేడా కొట్టినప్పుడు

మొదట టైమౌట్, అంటే ఎంతసేపు ఆగి వదిలెయ్యాలన్న హద్దు. రిక్వెస్ట్స్ ప్యాకేజీకి తనంతట తానుగా టైమౌట్ లేదు. అవతలి సర్వరు ఉలకక పలక్క కూర్చుంటే మీ ప్రోగ్రామూ తెల్లారేదాకా అలాగే కూర్చుంటుంది. రెండు అంకెల జత ఇవ్వండి: కనెక్షన్ దొరకడానికి 5 సెకన్లు, జవాబుకి రాతకైతే 60, బొమ్మకైతే 180. కోనసీమలో వర్షాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, రౌటర్ మళ్లీ లేచేదాకా కనెక్షన్ ఎర్రర్లు వరసగా వస్తాయి. వాటినీ టైమౌట్‌తో పాటే మళ్లీ ప్రయత్నించాల్సినవాటిలో కలపండి.

స్టేటస్ నంబర్లని రెండు గంపల్లో వేసుకోండి. 429, 500, 502, 503, 504, ఆంత్రోపిక్ రద్దీలో ఇచ్చే 529: వీటికి కాసేపాగి మళ్లీ అడగాలి. 400, 401, 403, 404: వీటికి వెయ్యిసార్లు అడిగినా అదే జవాబు, కాబట్టి వెంటనే ఆపి సర్వరు పంపిన మాట మొత్తం చూపించాలి. 401 వస్తే ముందు కీ సరిగ్గా కాపీ అయిందో లేదో చూడండి. కాపీ చేసినప్పుడు ఖాళీ గానీ చివర్లో లైను మార్పు గానీ అతుక్కోవడం తరచూ జరుగుతుంది, లైను మార్పు ఉంటే రిక్వెస్ట్స్ అసలు పంపకుండానే ఎర్రర్ ఇస్తుంది. చదవగానే స్ట్రిప్ కొట్టేస్తే ఆ గొడవే ఉండదు.

429లో మాత్రం రెండు రకాలున్నాయి. నిమిషానికి ఇన్ని అడగొచ్చన్న హద్దు దాటితే వచ్చేది ఒకటి, ఆగి అడిగితే సరిపోతుంది. ఖాతాలో డబ్బు అయిపోయినా ఓపెన్‌ఏఐ అదే 429 ఇస్తుంది, ఎర్రర్ కోడ్‌లో కోటా చాలదని ఉంటుంది. నంబరొక్కటే చూసి మళ్లీ మళ్లీ అడిగే లైబ్రరీ రాత్రంతా ఖాళీ ఖాతాకి తలుపు కొడుతూనే ఉంటుంది. లోపలి మాట చదివి ఈ రెండోదాన్ని ఆపే గంపలో వెయ్యండి.

ఆగడం 2, 4, 8, 16 సెకన్లుగా రెట్టింపు చేసుకుంటూ వెళ్లాలి, ప్రతిసారీ దానికి ఒక సెకను లోపు ఎంతో కొంత యాదృచ్ఛికంగా కలపాలి. కలపకపోతే ఒకేసారి మొదలైన నాలుగు పనులూ ఒకేసారి ఆగి, ఒకేసారి మళ్లీ వెళ్లి, మళ్లీ హద్దులో పడతాయి. సర్వరు రిట్రై ఆఫ్టర్ అనే హెడర్ పంపితే మీ లెక్క పక్కన పెట్టి అదెంత చెబితే అంత ఆగండి. నాలుగు ప్రయత్నాలయ్యాక వదిలెయ్యండి. బొమ్మలకి రెండు చాలు: టైమౌట్ అయినా అవతల బొమ్మ తయారై బిల్లు పడే అవకాశం ఉంది, మళ్లీ అడిగితే రెండో బిల్లు.

తెలుగు తెచ్చే తంటాలు

తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా ఉంటాయి, యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకీ మూడు బైట్లు. "గోదావరి" చూడ్డానికి నాలుగక్షరాలే. కంప్యూటర్‌కి గుణింతపు గుర్తులతో కలిపి ఏడు గుర్తులు, ఇరవై ఒక్క బైట్లు. టోకెన్ల లెక్క ఇంగ్లీషు కన్నా ఎక్కువ రావడానికి ఇదొక కారణం, మోడల్ నేర్చిన రాతలో తెలుగు తక్కువ ఉండటం ఇంకో కారణం. 2024 మే నెలలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపించిన నమూనా పలకరింపుకి ఇంగ్లీషులో 24 టోకెన్లు, తెలుగులో 45. అంతకు ముందటి టోకెనైజర్‌లో అదే తెలుగుకి 159. అందుకని ఇంగ్లీషులో చూసిన ఉదాహరణల్లోని గరిష్ఠం 200ని తెలుగుకి వాడకండి. నాలుగు వాక్యాలకి 600తో మొదలుపెట్టి, మీ మోడల్ నిజంగా ఎంత తింటోందో యూసేజ్ అంకెల్లో చూసి దించుకోండి.

తెలుగు బదులు నెత్తిన వాలు గీత ఉన్న ఇంగ్లీషు ఏ అక్షరాలూ, డిగ్రీ గుర్తులూ వరసగా కనిపిస్తే మోడల్ తప్పేం కాదు. సర్వరు అక్షరాల పద్ధతి చెప్పకుండా ఉత్త టెక్స్ట్ అని పంపితే రిక్వెస్ట్స్ దాన్ని లాటిన్-1 అనుకుంటుంది. రెస్పాన్స్‌ని చదివే ముందు దాని ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మీరే పెట్టెయ్యండి, అప్పుడు దాని జేసన్ మెథడ్ కూడా తెలుగుని సరిగ్గా చదువుతుంది. జవాబు పారుతున్నట్టుగా ముక్కలుగా తీసుకుంటే ఒక అక్షరం మూడు బైట్లలో రెండు ఈ ముక్కలో, ఒకటి తర్వాతి ముక్కలో పడొచ్చు. అప్పుడు కోడెక్స్ మాడ్యూల్‌లోని ఇంక్రిమెంటల్ డీకోడర్ వాడాలి. అది సగం అక్షరాన్ని చేతిలో పట్టుకుని మిగతా సగం కోసం ఆగుతుంది. విండోస్‌లో ఫైలు తెరిచే ప్రతి చోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి. జేసన్‌గా రాసేటప్పుడు ఎన్ష్యూర్ ఆస్కీ ఫాల్స్ చెయ్యండి, లేకపోతే ఫైల్లో ప్రతి అక్షరమూ బ్యాక్‌స్లాష్ నంబరుగా మారి మనిషి చదవలేకుండా పోతుంది.

నాలుగొందల మొక్కలు

ఒక్కో మొక్కకి ప్రశ్న 500 టోకెన్లు, జవాబు 400 అనుకుంటే మొత్తం 3 లక్షల 60 వేల టోకెన్లు. మీ మోడల్ ధరతో గుణించి ముందే చూసుకోండి. వెళ్లేవాటికీ వచ్చేవాటికీ ధర వేరు. తొందర లేకపోతే బ్యాచ్ పద్ధతి ఉంది: ఓపెన్‌ఏఐ, ఆంత్రోపిక్ రెండూ మామూలు ధరలో సగానికే చేస్తాయి, 24 గంటల్లోపు జవాబులు ఇస్తామంటాయి.

ప్రతి జవాబునీ రాగానే ఎస్‌క్యూలైట్‌లో రాసెయ్యండి. అన్నీ అయ్యాక ఒకేసారి రాద్దామంటే 380వ మొక్క దగ్గర కరెంటు పోతుంది, డబ్బూ పోతుంది. ఏ జవాబు దేనిదో వెతుక్కునే గుర్తుగా మోడల్ పేరు, ప్రశ్న, అన్ని సెట్టింగులూ కలిపి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ వాడండి, అది ఆ రాత మొత్తాన్నీ ఒక పొట్టి గుర్తుగా మారుస్తుంది. ముద్దుపేరు కాదు, అసలు పేరే కలపాలి. లేకపోతే పట్టికలో మోడల్ మార్చినా పాత జవాబులే వస్తాయి. అడిగే ముందు ఆ గుర్తుతో వెతికి, ఉంటే అదే ఇవ్వాలి. ప్రోగ్రాం ఎక్కడ ఆగినా మళ్లీ నడిపితే అక్కణ్నుంచే అందుకుంటుంది.

ప్రశ్నలో ఏం పెట్టాలన్నది లైబ్రరీ పని కాదుగానీ ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. గన్నేరు, దేవగన్నేరు, పచ్చగన్నేరు మూడూ వేరు వేరు మొక్కలు. గన్నేరు నీరియం ఓలియాండర్, విషం. పచ్చగన్నేరు కాస్కాబెలా థెవెటియా, అదీ విషమే. దేవగన్నేరు ప్లుమేరియా. ఉత్త తెలుగు పేరు ఇస్తే మోడల్ ఒకదాని గుణాలు ఇంకోదానికి అంటగట్టచ్చు, పైగా ఎక్కడా తడబడకుండా రాస్తుంది. మొక్కల జాబితా ఉన్న ఎక్సెల్‌లో శాస్త్రీయ నామానికి ఒక కాలమ్ పెట్టి, ప్రతి ప్రశ్నలోనూ రెండు పేర్లూ పంపండి. పశువులకీ పిల్లలకీ ప్రమాదమా అన్న గడి మీరే నింపండి, మోడల్‌కి వదలకండి. ధర, స్టాకు, కవరు సైజు కూడా అంతే: మోడల్ రాసిన వాక్యాల కింద మీ కోడే ఎక్సెల్ నుంచి తెచ్చి అతికించాలి. కొనేవాళ్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు ప్రశ్నలోకి వెళ్లాల్సిన పనే లేదు.

జవాబు జేసన్‌లో అడిగితే కొన్నిసార్లు దాని చుట్టూ మూడేసి బ్యాక్‌టిక్‌లు చుట్టి ఇస్తుంది, ముందో మాట వెనకో మాట చేర్చి ఇస్తుంది. మొదటి మీసాల బ్రాకెట్ నుంచి చివరిదాకా కోసుకుని చదవండి.

బొమ్మ దగ్గర

బొమ్మ రెండు రకాలుగా వస్తుంది: లింకుగానో, బేస్64 రాతగానో, అంటే బొమ్మ బైట్లని మామూలు అక్షరాలుగా మార్చిన రాతగానో. లింకులు కాసేపటికి చచ్చిపోతాయి, కాబట్టి గీయి ఫంక్షన్ లింకుని తిరిగి ఇవ్వకూడదు. అప్పుడే దింపి, ఫైలుగా రాసి, ఫైలు దారి ఇవ్వాలి. బేస్64లో పరిమాణం మూడో వంతు పెరుగుతుంది, ఒకటిన్నర ఎంబీ బొమ్మ రెండు ఎంబీల రాతగా వస్తుంది. ముందు డేటా, కోలన్ అని మొదలయ్యే ముక్క ఉంటే కామా దాకా కోసి అప్పుడు విప్పండి. బైట్ల మోడ్‌లోనే రాయండి. రాసే ముందు మొదటి బైట్లు చూడండి: పీఎన్‌జీ అయితే 137, 80, 78, 71, జేపెగ్ అయితే 255, 216. ఈ పరీక్ష లేకపోతే ఎర్రర్ సందేశమే పోస్టర్ పేరుతో ఫైలుగా కూర్చుంటుంది, తెరిస్తే బొమ్మ పాడైందంటుంది.

సూచన రాసేటప్పుడు వస్తువు పేరు మీద ఆధారపడకండి, ఆకారం చెప్పండి. పూతరేకు అంటే ఏమిటో మోడల్‌కి తెలుసనుకుంటే దోసె చుట్టో, స్ప్రింగ్ రోలో వచ్చి కూర్చుంటుంది. కాగితమంత పలచటి తెల్లని బియ్యపు పొరలు, లోపల బెల్లం పొడి, నెయ్యి తడి, బల్లపరుపుగా పొడుగ్గా మడిచినవి, అరిటాకు మీద ఆరు, అని చెప్పండి. బొమ్మ మోడళ్లకి ఇప్పటికీ ఇంగ్లీషులో చెబితేనే మేలు. అచ్చమైన ఫొటో ఉంటే దాన్నే వాడి, మోడల్ చేత వెనక దృశ్యం మాత్రం గీయించడం ఇంకా మంచి పని. నర్సరీ మొక్కలకైతే మోడల్ గీసిన బొమ్మ అమ్మకానికి పెట్టనే కూడదు. లేని పువ్వు చూపించి అమ్మినట్టవుతుంది.

తెలుగు అక్షరాలు బొమ్మ మోడల్‌కి అప్పజెప్పకండి. చాలాసార్లు ఒత్తులు ఊడిపోతాయి, గుణింతాలు ఎటో పోతాయి, దూరం నుంచి తెలుగులా కనిపించి దగ్గరికెళ్తే ఏ భాషా కాదు. సూచనలో పైన మూడో వంతు ఖాళీ గోడ ఉండాలని చెప్పి, అక్కడ అక్షరాలు పిల్లోతో మీరే వెయ్యండి. మోడల్ నిలువు కొలత 1024, 1536 అయితే మధ్యలోంచి 864 వెడల్పు కోస్తే స్టేటస్‌కి కావాల్సిన 9:16 వస్తుంది. దాన్ని 1080, 1920కి పెంచండి, ఒకటింబావు రెట్లే కాబట్టి మసక తెలియదు.

పిల్లోలో అక్షరాలు వేసే ముందు ఫీచర్స్ మాడ్యూల్‌తో, ఒత్తులూ గుణింతాలూ కలిపి పేర్చే రాక్మ్ అనే లైబ్రరీ ఉందా అని అడగండి. లేకపోతే "ఆత్రేయపురం"లో త పక్కన పొల్లు, ఆ పక్కన ర విడివిడిగా నిలబడతాయి, "సంక్రాంతి"లో క్రావడి రాదు. పిల్లోతో రాక్మ్ వచ్చినా అది ఫ్రిబిడీ అనే ఇంకో లైబ్రరీని వెతుక్కుంటుంది. విండోస్‌లో లేదని వచ్చేది ఎక్కువగా దానివల్లే: ఆ డీఎల్‌ఎల్ ఫైలు సిస్టమ్ వెతికే దారిలో పెట్టాలి. ఉబుంటులో ఫ్రిబిడీ ప్యాకేజీ వేస్తే సరి. ఫాంటు తెరిచేటప్పుడు లేఅవుట్ ఇంజిన్ రాక్మ్ అని రాయండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే వాటిలో పెద్దక్షరాలకి రామభద్ర, కింది వాక్యాలకి మండలి బాగుంటాయి. లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషుకి ఇచ్చేదానికన్నా ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడుల్లో ఇరుక్కుంటాయి.

దొంగ మోడల్

అసలు కంపెనీల పక్కన ఇంకో అడాప్టర్ రాసి పట్టికలో "దొంగ" అని చేర్చండి. అది ఇంటర్నెట్‌కి వెళ్లదు. పిలిచిన వరసలో ఒకసారి 429, ఒకసారి సగంలో తెగిన జవాబు, ఒకసారి టైమౌట్, ఒకసారి మంచి జవాబు ఇస్తుంది. మీ లైబ్రరీ మార్చిన ప్రతిసారీ ముందు దీనితో నడపండి: 429కి ఆగి మళ్లీ అడిగిందా, తెగినదాన్ని డేటాబేస్‌లోకి పోనివ్వకుండా పట్టుకుందా, రెండోసారి అదే ప్రశ్న అడిగితే పిలవకుండానే పాత జవాబు ఇచ్చిందా. పైసా ఖర్చు లేదు, నెట్ లేకపోయినా నడుస్తుంది. ఇది దాటాక అసలు మోడల్‌తో పది మొక్కలు నడిపి, మొక్కలు తెలిసినవాళ్ల చేత చదివించి, అప్పుడు మిగతా మూడొందల తొంభై.